దగ్గరి చుక్క

నవంబర్ 2, ఆదివారం

ముహూర్తాలు మొదలయ్యాయి, నా నడుము విరగడం కూడా మొదలైంది. మా స్టూడియో మునీర్ భాయ్ కెమెరాలు పట్టుకుని రామడుగు పెళ్లికి పోయాడు. ఇక్కడ చొప్పదండి ఫంక్షన్ హాల్లో లైవ్ నా నెత్తిన పెట్టాడు. పెళ్లికొడుకు మేనమామ దుబాయ్ నుంచి ఒకటే లొల్లి.

"బొమ్మ మసక మసక వస్తాంది. గిదేం లైవమ్మా?"

"అన్నా, నీ ఫోన్ ఎంత మోస్తే గంతే బొమ్మ పంపుతది మా యాప్. మసకైనా ఆగకుంట వస్తాందా లేదా?"

"వస్తాంది."

"మరింకేం గావాలె?"

ఈ పాఠం రోజూ ఎవరికో ఒకరికి చెప్పాల్సిందే. మునీర్ భాయ్ కూతురు ఫర్హీన్ ఇంజనీరింగ్ చదువుతూ ఈ యాప్ చేసింది. మా లైవ్ ఒక్క చోటి నుంచి అందరికీ పోదు. చూసేవాళ్ల ఫోన్లే ఒకదానికొకటి ముక్కలు అందించుకుంటాయి, బంతిలో కూర గిన్నె చేతులు మారినట్టు. పెద్ద టీవీకి పెద్ద బొమ్మ, ముసలి ఫోనుకు చిన్న బొమ్మ. నా ముందు లాప్‌టాప్‌లో మూడు వలయాలుంటాయి, వాటిలో చూసేవాళ్ల పేర్లతో చుక్కలు. బయటి వలయం దూరదేశాలు. నడిమిది చుట్టుపక్కల ఊళ్లు. లోపలిది మేం పెళ్లి దగ్గర పెట్టే వైఫై డబ్బాకు అంటుకున్న ఫోన్లు, అంటే ఆ పందిట్లోనో పందిరి బయట బండ్ల దగ్గరో ఉన్నవాళ్లు.

ఈ రోజు పెళ్లికొడుకు తమ్ముడు తాగి వచ్చి తలంబ్రాల పళ్లెంలోనే పడ్డాడు. టక్కున 'బంద్' నొక్కాను. ముక్క నిండితేనే బయటికి పోతుంది, నిండకముందే ఆపితే ఎవరికీ పోదు. దేశదేశాల్లో ఆ ఇంటి పరువు నా వేలి మీద నిలబడింది. ఒక్కరైనా థ్యాంక్స్ చెప్పారా? లేదు.

అత్తకు మళ్లీ ఆయాసం. పొద్దంతా ఏమీ తినలేదని నా బిడ్డ భవ్య చెప్పింది. సాయంత్రం మా ఆయన వీడియో కాల్ చేశాడు. ఎప్పటిలాగే వెనక తెల్లగోడ, ముందు సగం మొహం. షార్జా పోయి రెండేళ్లు దాటింది, ఆ గోడకు ఒక క్యాలెండరైనా తగిలించుకోలేదు మనిషి. అత్త మంచంలోంచే అడిగింది. "కొడుకా, కార్తీకమాసం. దీపం ముట్టిచ్చిన. రెండు చేతులు జోడిచ్చి దండం పెట్టుకో." అంతే, బొమ్మ పోయింది. షార్జా నెట్‌కు మంట పెట్టాలి. దేవుడి పేరెత్తితే చాలు, పారిపోతుంది.

నవంబర్ 5, బుధవారం

అత్త పోయింది. పున్నమి నాడు పోయింది, పుణ్యాత్మురాలు అంటున్నారు.

భవ్యకు ఎవరైనా అన్నం పెట్టారో లేదో.

నవంబర్ 6, గురువారం

నిన్న రెండు మాటల కంటే రాయలేకపోయాను. ఈ రోజు రాయకపోతే తల పగిలిపోతుంది. ఎవరితోనూ చెప్పుకునేది కాదు ఇది.

నిన్న పొద్దున్నే ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "కంపెనీవోడు ఇడుస్తలేడు మమతా. నాకోసం అవ్వను ఉంచకుండ్రి" అన్నాడు. ఉన్న ఒక్క కొడుకూ రాలేడని కొరివి ఆయన పెదనాన్న కొడుకు అంతయ్య బావ పట్టాడు. మునీర్ భాయ్ ఎవరూ అడగకుండానే కెమెరా, డబ్బా వేసుకుని వైకుంఠధామానికి వచ్చాడు. "శ్రీహరి జర ఆఖరి సూపైనా సూస్కోవాలె గదా" అన్నాడు. మా ఇళ్లలో ఆడవాళ్లం చితి దాకా పోము. వాకిట్లోనే కూర్చున్నాం.

నా ఆరాటమల్లా ఆయనకు బొమ్మ సరిగ్గా అందుతోందా అని. కన్నతల్లి మొహం మసకగా చూడాల్సి వస్తే ఎట్లా? ఆ ఏడుపుల మధ్యనే నా ఫోన్‌లో వలయాల పేజీ తెరిచాను. యాప్‌లో ఆయన పేరు 'భవ్య బాపు'. తనే పెట్టుకున్నాడు. బయటి వలయంలో మా దుబాయ్ మామలున్నారు, మస్కట్ వాళ్లున్నారు, దమ్మాం వాళ్లున్నారు. భవ్య బాపు లేడు. పాపం, డ్యూటీలో ఫోన్ గుంజుకున్నారేమో అనుకున్నాను.

అప్పుడు కనబడింది. లోపలి వలయంలో, అంతయ్య బావ చుక్క పక్కన.

భవ్య బాపు.

ఫోన్ నా చేతిలోంచి జారిపడింది. పక్కనున్న పెద్దమ్మ నన్ను పట్టుకుని "అత్తంటే గింత పాణమా బిడ్డా" అని తనూ ఏడ్చింది. ఫోన్ తీసి చూస్తే చుక్క అక్కడే ఉంది. చితి అంటుకున్నాక కూడా ఉంది. జనం మళ్లాక పోయింది.

యాప్‌కు పిచ్చి పట్టింది. అంతే.

నవంబర్ 7, శుక్రవారం

మూడో రోజు. పిట్టకు పెట్టడానికి పోయాం. అత్తకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి అందరం దూరం జరిగి నిలబడ్డాం. కాకులు వచ్చాయి. కరెంటు తీగ మీద కూర్చుని చూశాయే గానీ ఒక్కటీ దిగలేదు.

"కొడుకు మీద పాణం కొట్టుకుంటాంది" అన్నాడు అంతయ్య బావ.

అందరూ నా వైపు చూశారు, ఆయన్ని నేనేదో కొంగులో దాచిపెట్టినట్టు. ఎండ నెత్తికెక్కేదాకా చూసి చివరికి ఆ విస్తరి ఆవు ముందు పెట్టి వచ్చేశాం. పదో రోజు మళ్లీ పెట్టాలి. అప్పుడూ ముట్టకపోతే అత్త ఆత్మ ఊరట పడలేదని ఊరంతా అదే మాట అవుతుంది.

ఊరి సంగతి అటుంచు. నాకే నిద్ర పట్టదు.

నవంబర్ 8, శనివారం

ఆలోచించి చూస్తే ఇందులో భయపడటానికి ఏమీ లేదు. ఊళ్లో భవ్యలు తక్కువా? ప్రతి భవ్యకూ ఒక బాపు ఉంటాడు. లేకపోతే ఆయన పాత ఫోన్ ఎవరికో ఇచ్చి పంపి ఉంటాడు, వాళ్లు చెప్పడం మరిచిపోయి ఉంటారు.

ఎందుకైనా మంచిదని ఫర్హీన్‌కు ఫోన్ చేశాను. పేరు చెప్పలేదు. ఒక కస్టమర్ అడుగుతున్నాడన్నాను.

"మమతక్కా, బయటి వలయాలు అప్పుడప్పుడు గలత్ చూపిస్తయి. లోపలిది గలత్ కాదు. డబ్బాను పట్టుకున్న ఫోనే అందులోకి వస్తది."

"పాస్‌వర్డ్ చెప్పకుంట ఎట్ల పట్టుకుంటది?"

"ఎన్నడో ఒకసారి పట్టుకుంటే ఫోన్ యాద్ పెట్టుకుంటదక్కా. మా అబ్బా ఇన్నేండ్లల్ల డబ్బా పేరు మార్చలే, పాస్‌వర్డ్ మార్చలే. మనిషికి తెల్వకున్నా ఫోన్ దానంతట అదే పట్టుకుంటది."

ఆయన షార్జా పోయేముందు మా ఆడబిడ్డ కూతురి పెళ్లి. మునీర్ భాయే లైవ్ పెట్టాడు. పెళ్లి జరుగుతుంటే ఈ మహానుభావుడు డబ్బా పక్కన కుర్చీ వేసుకుని క్రికెట్ చూశాడు. పాస్‌వర్డ్ కొట్టి ఇచ్చింది నేనే.

ఫర్హీన్ ఎంతైనా చిన్నపిల్ల. దానికేం తెలుసు.

నవంబర్ 10, సోమవారం

అత్త ఫోటోకు ఫ్రేము కట్టించాలని స్టూడియోకు పోయాను. అబద్ధం ఎందుకు, ఫ్రేము భవ్యతో పంపినా సరిపోయేది.

మునీర్ భాయ్ వైకుంఠధామం రికార్డింగును పెద్ద టీవీలో పెట్టి సరిచేస్తున్నాడు. ఆ రోజు నా ఫోన్‌లో ఇదే చూశాను. చితి వెనక ప్రహరీ గోడ, గోడ దగ్గర పచ్చగా ఏదో మరక. చెట్టు కొమ్మ అనుకున్నాను. నా ఫోన్ అంతే మోస్తుంది మరి.

టీవీలో అది కొమ్మ కాదు. తలకు పచ్చ తువ్వాల కట్టుకున్న మనిషి. తువ్వాల కొస కింద కుడిచేయి దాచుకుని, ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ముందు చితి కాలుతుంటే అది చూడకుండా ఫోన్‌లో చూస్తున్నాడు. దగ్గరికి రాలేక ఫోన్‌లో దగ్గరగా చూసుకుంటున్నాడు.

ఆ నిలబడే తీరు నాకు తెలియదా? సాంచాల మీద పదిహేనేళ్లు బట్ట నేసి, ఒక భుజం వంగిపోయిన మనిషి.

మునీర్ భాయ్ కూడా చూశాడు. ఆయన చేయి రిమోట్ మీదే ఆగిపోయింది. నన్ను చూశాడు, టీవీని చూశాడు, ఆపేశాడు.

"చాయ్ తాగుతవా బేటీ?" అన్నాడు.

తల ఊపాను. చాయ్ వచ్చింది. ఎట్లా తాగానో, ఇంటికి ఎట్లా వచ్చానో తెలియదు. ఫ్రేము అక్కడే మరిచిపోయాను.

నవంబర్ 11, మంగళవారం

తెల్లగోడ. ఏ ఊరి గోడ అది?

నవంబర్ 12, బుధవారం

ఆయనే ఫోన్ చేశాడు. నేను ఏమీ ఎరగనట్టు మాట్లాడాను. నా గొంతు అంత మామూలుగా ఎట్లా పలికిందో నాకే భయమేసింది.

"తిన్నవా?"

"తిన్న. కుబూస్ రొట్టె తెచ్చుకున్న."

"ఇక్కడ పొద్దు గూకింది. అక్కడ?"

"ఇంక లేదు. ఎండ కొడ్తనే ఉన్నది" అన్నాడు.

అబద్ధం చెప్పడానికి కూడా రెండు దేశాల గడియారాల తేడా లెక్కేసుకుని చెప్తున్నాడు! ఎంత సాధన చేసి ఉండాలి!

భవ్య ఫోన్ లాక్కుని "బాపూ, నాయినమ్మ నిన్నే యాద్ చేసింది" అన్నది. బొమ్మ పోయింది. ఇప్పుడు తెలుస్తోంది, ఆ బొమ్మ ఇన్నాళ్లూ ఎప్పుడెప్పుడు పోయిందో.

ఇంకో ఆడది ఉంది. ఇన్ని రోజులు ఈ మాట రాయకుండా తప్పించుకు తిరిగాను, రాసేశాను. ఇంకేముంటుంది? కన్నతల్లి చితి ముందు మొహం దాచుకునేంత కారణం మగాడికి ఇంకేముంటుంది? పిల్లలు కూడా ఉన్నారేమో. వాళ్లింటికి సున్నం వేసి తెల్లగా పెట్టుకున్నారేమో.

నవంబర్ 13, గురువారం

రేపు పదో రోజు. కాల్వ గట్టు మీద పిట్టకు పెడతారు. లైవ్ ఉంది, కాబట్టి వస్తాడు. ఏదో చాటున నిలబడి ఫోన్‌లో చూస్తాడు. ఆ దొంగ ఫోన్ దానంతట అదే డబ్బాను పట్టుకుంటుంది, నాకు చెప్తుంది.

నేను నోరు విప్పి ఒక్క మాట అనను. కెమెరా తిప్పుతాను. జూమ్ చేస్తాను. దుబాయ్ మామలు, మస్కట్ వాళ్లు, ఆడబిడ్డ ఇంట్లో గోడంత టీవీ, అందరూ చూడాలి. ఎవరి ఫోన్ ఎంత మోస్తే అంత చూస్తారు.

కోడలు కెమెరా పట్టుకుంటదా అని అంతయ్య బావ గొణిగాడు. "నా పని గదే గదా బావా" అన్నాను. మునీర్ భాయ్ మాత్రం "సోంచాయించుకో బేటీ. లైవ్‌ల పోయింది మల్ల ఎనుకకు రాదు" అన్నాడు.

సోంచాయించాను. బాగా సోంచాయించాను.

నవంబర్ 14, శుక్రవారం

వరుసగా రాస్తాను. వరుస తప్పితే రాయలేను.

కాల్వ గట్టు మీద విస్తరి పెట్టారు. అందరూ వెనక్కి జరిగారు. నేను కెమెరా స్టాండు దగ్గర, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో లాప్‌టాప్. చుక్కలు ఒక్కొక్కటే వచ్చాయి. బయటి వలయం నిండిపోయింది. కాకులు తుమ్మచెట్టు మీద వాలాయి, దిగలేదు.

"సిన్నమ్మా, నీ కొడుకు షార్జాల కెల్లి సూస్తుండు. ఫికర్ వెట్టుకోకు తల్లీ, ముట్టు" అని అంతయ్య బావ చేతులెత్తి బతిమాలాడు.

అప్పుడే లోపలి వలయంలో చుక్క పడింది. భవ్య బాపు.

తలెత్తి చూశాను. కాల్వ అవతల పత్తి చేను, చేను మొదట్లో మోటర్ రూమ్. దాని గోడ పక్కన పచ్చ తువ్వాల. జనమంతా కాకుల వైపే చూస్తున్నారు. మునీర్ భాయ్ మాత్రం నన్ను చూసి తల దించుకున్నాడు.

కెమెరా తిప్పాను. జూమ్ చేశాను.

నా లాప్‌టాప్‌లో బొమ్మ అందరికంటే ముందు వస్తుంది, అందరికంటే తేటగా వస్తుంది. ముందు తువ్వాల వచ్చింది. తర్వాత మొహం. గడ్డం నెరిసింది. దవడలు లోపలికి పోయాయి. ఎడమచేతిలో ఫోన్ చూసుకుంటూ వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఏడువు, అందరూ చూస్తారు ఏడువు అనుకున్నాను. పళ్లు బిగపట్టుకుని అనుకున్నాను.

కళ్లు తుడుచుకోవడానికి తువ్వాల కింద నుంచి కుడిచేయి తీశాడు.

ఆ చేతికి వేళ్లు లేవు. బొటనవేలు ఒక్కటే ఉంది.

నేను 'బంద్' నొక్కాను. నొక్కానని తర్వాత తెలిసింది. లాప్‌టాప్‌లో అక్షరాలు వచ్చాయి: ముక్క నిండలేదు, పంపలేదు. ఆ రెండు మాటలు ఎన్నిసార్లు చదువుకున్నానో. పంపలేదు. ఎవరికీ పోలేదు. చుక్కలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

కెమెరా అట్లాగే వదిలేసి తూము మీదుగా కాల్వ దాటాను. పత్తి కంపలు చీరను పట్టి లాగుతున్నా ఆగలేదు. నన్ను చూసి ఆయన పారిపోబోయాడు, మళ్లీ తనే ఆగిపోయాడు. చేయి వీపు వెనక పెట్టుకున్నాడు.

"ఎన్నడు?" అన్నాను.

"నిరుడు దసరాకు ముందుగాల. అల్మినం కోసే మిషన్ల పడ్డది. మానినంక ఎనుకకు తోలిండ్రు. పెద్దపల్లిల రైసుమిల్లు కాడ వాచ్‌మెన్ చేస్తున్న. గా రూములనే ఉంటున్న."

తెల్లగోడ. ఏ ఆడదీ లేదు. సున్నం వేసిన మిల్లు గది.

"ఇంటికి రానీకి ఏమొచ్చింది నీకు?"

"దారం ముడి ఎయ్యరాని చెయ్యి ఏసుకొని ఏం రావాలె? అవ్వ గీ చెయ్యి సూస్తే పాణం ఇడుస్తదనుకున్న, మమతా."

"సూడకుంటనే ఇడిసింది!"

ఆ మాట అన్నాను. చావు ఇంటి మనిషిని అనాల్సిన మాట కాదు, అయినా అన్నాను. రెండు చేతులతో రొమ్ము మీద కొట్టాను. ఏడాది! ఏడాదిపాటు రైలెక్కితే గంట దూరంలో కూర్చుని నాకు షార్జా ఎండలు చెప్పాడు! కొడుతుంటే ఆపలేదు. చివరికి నా కొంగే పట్టుకుని, చిన్నగా అడిగాడు.

"నేను ఈడున్ననని నీకెవరు చెప్పిండ్రు?"

"నీ ఫోనే చెప్పింది. నీ తీరు నోరు మూసుకొని కూసోలే అది."

"అందరు సూసిండ్రా?"

"ఎవ్వరు సూడలే. బంద్ చేసిన. నడువు. నీ అవ్వ ఆకలితోని ఉన్నది."

తీసుకొచ్చాను. ఆయన్ని చూసి అంతయ్య బావ చేతిలో చెంబు జారి కాల్వలో పడింది. తర్వాత అందరి కళ్లూ ఆ చేతి మీదికి పోయాయి, అందరూ ఒకేసారి చూపు తిప్పుకున్నారు. భవ్య ఒక్కతే తిప్పుకోలేదు. వచ్చి ఆ చేతినే పట్టుకుంది.

ఎడమచేత్తో పెట్టకూడదు. ఆయన కుడి అరచేతిలో అన్నం ముద్ద పెట్టుకుని, బొటనవేలితో అదిమి పట్టుకుని విస్తరి దాకా నడిచాడు. ముద్ద నిలవలేదు. వేళ్లు ఉండాల్సిన చోటు నుంచి మెతుకులు రాలుతూ పోయాయి. విస్తట్లో పడ్డది సగమే.

కాకి దిగింది. విస్తరి దగ్గరికి పోలేదు. ఆయన వెనకే గెంతుతూ వచ్చి, కింద రాలిన మెతుకులు ఏరుకుని తిన్నది.

నవంబర్ 15, శనివారం

పొద్దున్నుంచి ఫోన్లే ఫోన్లు. లైవ్ సరిగ్గా అప్పుడే ఎందుకు పోయింది, పిట్ట ముట్టిందా లేదా అని. "సిగ్నల్ పోయింది మామా. ముట్టింది" అని అందరికీ అదే చెప్పాను. శ్రీహరి ఎట్లున్నడు అని దుబాయ్ మామ అడిగాడు. "ఇంటికొచ్చిండు" అన్నాను. ఎప్పుడొచ్చిండు అంటే ఫోన్ పెట్టేశాను. నాకూ ఇప్పుడు సిగ్నల్ పోవడం వచ్చు.

నా కోపం తగ్గలేదు. తగ్గిందని ఆయన అనుకుంటే ఆయన ఖర్మ. పొద్దున చాయ్ గ్లాసు కుడివైపు పెట్టి, పట్టుకోలేక తడబడుతుంటే చూసి, నేనే ఎడమవైపు జరిపాను.

మునీర్ భాయ్ అత్త ఫోటో ఫ్రేము కట్టించి తెచ్చాడు. భవ్య దాన్ని గోడకు పెట్టి ముందు దీపం ముట్టించింది. ఆయన దూరంగా గడప దగ్గరే నిలబడ్డాడు, అలవాటుగా చేయి వెనక్కి పెట్టుకుని.

"అవ్వ నిన్ను అడిగింది గదొక్కటే" అన్నాను.

ఆయనకు అర్థమైంది. ముందుకు వచ్చాడు. ఎడమచేయి పైకెత్తాడు. కొంచెం ఆగి, రెండోది కూడా తెచ్చి దానికి జోడించాడు.